పడవ ముక్కున ఆరు బిళ్లలు

ఆదివారం ఉదయం పథకం చాలా తేలికైనది. ఏడున్నరకి ఇంట్లోంచి బయల్దేరాలి, ఎనిమిదిన్నరకి చెరువు దగ్గరుండాలి, పదింటికి పందెం. పథకం వేసింది కూతురు. కారు నడపడం తల్లి వంతు. మేస్త్రికి అప్పగించిన పని ఒక్కటే, వీధి తలుపుకి తాళం వేయడం. ఆ పని ఆయన ఏ లోపమూ లేకుండా చేశాడు. వచ్చిన గొడవంతా తాళం వేయడానికి ముందు మిగిలిన గంటన్నరలో వచ్చింది.

మేస్త్రి అంటే ఇళ్లు కట్టే మేస్త్రి కాదు. టైర్ల షాపులో చక్రాలు బ్యాలెన్స్ చేసే మేస్త్రి. చక్రాన్ని మిషన్ మీద తిప్పడం, ఎటు బరువు తక్కువైందో చూడడం, అటు ఒక సీసపు బిళ్ల అంటించడం. ఇరవై ఆరేళ్లుగా అదే పని కావడంతో ఆయన కంటికి లోకంలో ప్రతి వస్తువూ ఏదో ఒక పక్కకి ఒరిగినట్టే కనిపించేది. ఇంట్లో టకటకలాడే సీలింగు ఫ్యానుకి ఒక బిళ్ల అంటించాడు, నోరు మూసుకుంది. బట్టలు ఉతికేటప్పుడు నడుచుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చే వాషింగ్ మిషన్‌కి రెండు అంటించాడు, ఉన్నచోట ఉండిపోయింది. ఈ రెండు విజయాలతో ఆయనకి ఒక సిద్ధాంతం ఏర్పడింది.

"ఏ వస్తువైనా సరే, సరిగ్గా నడుం దగ్గర పట్టుకుంటే అటూ ఇటూ ఒరక్కూడదు. ఒరిగిందా, బిళ్ల పడాల్సిందే."

"నా జోలికి మాత్రం రాకండి," అనేది భార్య. ఆవిడ లైబ్రరీలో ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్న మనిషి. తక్కువ మాట్లాడుతుంది, తగిలేలా మాట్లాడుతుంది.

కూతురు రోడ్ల శాఖలో డ్రాయింగులు గీస్తుంది. సాయంత్రాలూ సెలవులూ మాత్రం ఎనిమిది నెలలుగా ఒక పడవకి రాసిచ్చేసింది. మూరన్నర పొడవు, ఎర్ర రంగు, పక్కన ఒక తెల్ల చార. లోపల బ్యాటరీ, పిడికిలంత మోటారు. గట్టు మీద నిలబడి రిమోట్‌తో నడపాలి. దాన్ని ఎవరైనా బొమ్మ అంటే ఆ అమ్మాయి ఊరుకోదు, ఎందుకంటే అది నీళ్ల మీద మోటారు సైకిలంత వేగంగా పోతుంది. దాని ప్రొపెల్లర్‌ని సన్నటి కడ్డీకి గుచ్చి, ఏ రెక్క బరువుగా కిందికి దిగుతుందో చూసి, ఆ రెక్కని ఆకురాయితో పిసరు పిసరుగా అరగదీయడం తండ్రి దగ్గరే నేర్చుకుంది. మూడు ఆదివారాలు పట్టింది. ఆఖరికి ప్రొపెల్లర్ ఎలా తిప్పి వదిలినా అలాగే నిలబడిపోయిన రోజున మేస్త్రి షాపులో అందరికీ టీ తాగించాడు.

పడవల క్లబ్బులో ఒక నియమం ఉంది. వరసగా మూడు పందేలు పూర్తి చేయలేకపోతే పట్టికలోంచి పేరు కొట్టేస్తారు. మళ్లీ చేరాలంటే రెండేళ్లు ఆగాలి. అమ్మాయి మొదటి పందెంలో గాలికి పడవ ముక్కు లేచి వెల్లకిలా పడింది. రెండో పందెంలో చుక్కాని తిప్పే పుల్ల ఊడింది. ఇది మూడోది. గెలవక్కర్లేదు. ఐదు చుట్లు తిరిగి గీత దాటితే చాలు, పేరు నిలబడుతుంది.

రెండో పందెం అయ్యాక, తడిసిన పడవని తువ్వాలుతో తుడుచుకుంటున్న అమ్మాయి దగ్గరికి పళ్ల డాక్టరు వచ్చాడు. మూడేళ్లుగా క్లబ్బు కప్పుని ఇంకొకరి ఇంటికి పోనివ్వని మనిషి. "పడవ రంగు మాత్రం చాలా బాగుందమ్మా," అని మెచ్చుకుని వెళ్లిపోయాడు. అమ్మాయి నవ్వి ఊరుకుంది. మేస్త్రి ఊరుకోలేకపోయాడు. ఆ మెచ్చుకోలు నెల రోజులుగా ఆయన గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆదివారం ఆరింటికి మేస్త్రి టీ గ్లాసుతో హాల్లోకి వచ్చేసరికి పడవ భోజనాల బల్ల మీద ఉంది. అమ్మాయి స్నానాల గదిలో ఉంది. భార్య వంటింట్లో ఉంది. పడవ, మేస్త్రి, ఆ ఇద్దరి మధ్యా అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోవడం, ఇవన్నీ ఒకేసారి కుదిరాయి.

ఆయన గ్లాసు పక్కన పెట్టి, రెండు చూపుడు వేళ్లతో పడవని సరిగ్గా నడుం దగ్గర పట్టుకుని పైకెత్తాడు. పడవ వెనక భాగం బరువుగా కిందికి వాలిపోయింది.

ఎనిమిది నెలల కష్టం, అంత మంచి ప్రొపెల్లర్, తీరా చూస్తే బరువంతా వెనకే! మొదటి పందెంలో వెల్లకిలా పడిందంటే పడదా మరి? పిల్ల చిన్న చక్రం సరిచేసుకుని పెద్ద చక్రం మర్చిపోయింది, పాపం.

"నాన్నా, పడవ ముట్టుకోకు!" స్నానాల గదిలోంచి కేక వినిపించింది. ఇరవై ఏడేళ్లుగా తండ్రిని ఎరిగిన పిల్ల.

"ముట్టుకోవడం లేదమ్మా, చూస్తున్నా!" అన్నాడు మేస్త్రి, అప్పటికే మూతకి వేసిన టేపు ఊడదీస్తూ.

వైర్ల జోలికి పోలేదు. ఆ మాత్రం హద్దు ఆయనకి తెలుసు. పని సంచి తెచ్చి వెతికాడు. శనివారమంతా లారీ చక్రాల పని చేశాడు కాబట్టి సంచిలో మిగిలినవన్నీ లారీ బిళ్లలే. ఒకటి తీసి పడవ ముక్కులో, లోపలి పక్కన అంటించి ఎత్తి చూశాడు. చాల్లేదు. రెండోది. మూడోది. ఆరోది అంటించాక పడవ ఆయన రెండు వేళ్ల మీద గాల్లో కదలకుండా నిలబడింది. అటు ముక్కు, ఇటు తోక, గీత గీసినట్టు సమానం. మేస్త్రికి ఏనుగెక్కినంత సంబరం వేసింది. మూత మూసి, కొత్త టేపు వేసి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. సంగతి ఇప్పుడు చెప్పకూడదనుకున్నాడు. గెలిచాక చెప్తే ఆ రుచే వేరు.

బయల్దేరేటప్పుడు అమ్మాయి పడవ డబ్బా అందుకోబోయింది. మేస్త్రి ముందుకి దూకి, "నేను మోస్తానమ్మా," అన్నాడు.

"కూరగాయల సంచి మోయమంటే నడుం నొప్పి అంటారుగా," అంది భార్య.

"ఇది పందెం రోజు. పిల్ల చేతులు వణక్కుండా ఉండాలి."

అమ్మాయి కళ్లు చెమర్చాయి. నాన్నకి తన పందెం మీద ఇంత పట్టింపు ఉందనుకోలేదు. మేస్త్రి ఆ చూపు చూసి, తను చేసిన మంచి పని తలచుకుని తనే కరిగిపోయాడు. ఆ తర్వాత తాళం వేశాడు.

పార్కు మధ్యలో చెరువు. నీళ్లలో తేలే నారింజ రంగు డబ్బాలు దారి చూపిస్తున్నాయి. గట్టున ఒక గుడారం కింద క్లబ్బు సెక్రటరీ కూర్చున్నాడు. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా విజిల్ మెడలోంచి పోలేదు. ఒక్కొక్కరికీ పది నిమిషాలు సాధన అని విజిల్ ఊది చెప్పాడు.

"నీళ్లలో నేను వదుల్తానమ్మా, నువ్వు రిమోట్ చూసుకో," అని మేస్త్రి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పడవని గుండెలకి హత్తుకుని నీళ్లలోకి దిగాడు. వదిలాడు. పడవ కదిలింది. అమ్మాయి వేగం పెంచింది. పడవ నాలుగు బారలు బాగానే పోయి, ముక్కు వంచి, నీళ్లలోకి వెళ్లిపోయింది.

పూర్తిగా వెళ్లిపోయింది. ఎర్ర రంగు గానీ తెల్ల చార గానీ ఏమీ కనపడలేదు. గట్టు మీద జనం నోళ్లు తెరిచారు. పది బారల అవతల పడవ బుస్సున పైకి లేచి, ఊపిరి పీల్చుకున్నట్టు ఒకసారి ఆగి, మళ్లీ మునిగింది.

"రేసులకని చెప్పి సబ్‌మెరీన్ చేసినట్టుంది అమ్మాయి!" అన్నాడు పళ్ల డాక్టరు. గట్టంతా గొల్లుమంది.

అమ్మాయి ముఖం తెల్లబోయింది. పడవని నెమ్మదిగా గట్టు దగ్గరికి తెచ్చింది. మేస్త్రి దాన్ని ఎత్తుకుని కారు వెనక్కి మోసుకొచ్చాడు. ఆయన బుర్రలో ఏదీ అతకడం లేదు. గీత గీసినట్టు సమానంగా నిలబడిన పడవ మునగడమేమిటి? అమ్మాయి కంగారుగా మోటారు వెనక కడ్డీ చూసి, "దీని వాలు మారిందేమో నాన్నా. చిన్న పానా కావాలి, ఎవరినైనా అడిగి తెస్తా," అంటూ పరుగెత్తింది.

మేస్త్రి గుడారం దగ్గరికెళ్లి, ఎవరి గురించో అడుగుతున్నట్టు సెక్రటరీని అడిగాడు. "సార్, పడవకి బరువు సరిగ్గా మధ్యలోనే కదండీ ఉండాలి?"

సెక్రటరీ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "మధ్యలోనా? నీళ్ల మీద ఆగి ఉండే పడవకైతే సరే. ఇవి ఎగిరే పడవలండీ. పరుగు అందుకున్నాక వెనక పిడికెడు భాగమే నీళ్లకి తగుల్తుంది, ముక్కంతా గాల్లోనే. అందుకే బరువు వెనక నుంచి మూడో వంతు దగ్గర పెడతారు. ముక్కులో బరువు వేశారంటే ఆ పడవకి గొయ్యి తవ్వినట్టే. ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే," అన్నాడు మేస్త్రి.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది తన చేతుల మీదుగానే జరిగింది. పిల్ల ఎనిమిది నెలలు లెక్క వేసి కట్టిన పడవని తను టీ చల్లారేలోగా ముంచేశాడు. చెప్పేద్దామా? జనం మధ్యలో, ఆ డాక్టరు వినేలా, "మా నాన్న చెడగొట్టాడు" అని పిల్ల తలదించుకోవాలా? వద్దు. ఎలా అంటించాడో అలాగే, ఎవరికీ తెలియకుండా పీకేస్తే సరిపోతుంది.

పీకడం అనుకున్నంత తేలిక కాదు. లారీ బిళ్ల వానలో, బురదలో, గుంతల రోడ్డు మీద మూడేళ్లు ఊడకూడదని ఆ జిగురు తయారు చేస్తారు. ఇరవై ఆరేళ్లుగా కస్టమర్లకి ఆ జిగురు గురించి గొప్పగా చెప్పిన మనిషి, ఇప్పుడు కారు వెనక గొంతుక్కూచుని టిఫిన్ డబ్బా చెంచాతో దాన్ని తవ్వుతున్నాడు. చెంచా వంగింది. గోరు విరిగింది. ముఖం ఎర్రబడి, దవడలు బిగుసుకుని, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఖరికి ఒకటి ఊడింది. ఇంకొంతసేపటికి రెండోది ఊడింది. అలవాటు కొద్దీ ఒకటి కుడి జేబులో, ఒకటి ఎడమ జేబులో వేసుకున్నాడు. మూడో దాని మీద చెంచా పెట్టాడో లేదో, పక్కన నీడ పడింది.

"ఏమిటి మేస్త్రి గారూ, ఈ అవస్థ?" అన్నాడు పళ్ల డాక్టరు.

మేస్త్రి చటుక్కున మూత మూసి లేచి నిలబడ్డాడు. జేబుల బరువుకి ప్యాంటు జారబోతే రెండు చేతులతో నడుం పట్టుకున్నాడు. "ఏం లేదండీ."

"ఏం లేకపోవడమేమిటి, దవడ అలా బిగబట్టారు, కళ్లలో నీళ్లు. ఎక్కడ నొప్పి?"

మేస్త్రి ఏదో ఒకటి చెప్పాలి. నోటికి వచ్చింది చెప్పాడు. "పన్ను నొప్పండీ."

ఆ అబద్ధం ఆ గట్టు మీద ఎవరికైనా చెప్పొచ్చు, ఆ ఒక్క మనిషికి తప్ప.

"అయ్యో, ముందే చెప్పకూడదూ! రండి, రండి." డాక్టరు ఆయన చెయ్యి పట్టుకుని తన కారు దగ్గరికి లాక్కెళ్లి, ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు వెనక్కి వాల్చి, పెట్టెలోంచి చిన్న టార్చి, పుల్లకి బిగించిన అద్దం తీశాడు. "నోరు తెరవండి."

"ఇప్పుడు తగ్గిందండీ..."

"తగ్గినట్టే ఉంటుంది. తెరవండి."

దొంగకి తేలు కుట్టినట్టయింది మేస్త్రి పని. నోరు తెరిచాడు. ఆ డాక్టరు పడవల విషయంలో ఎంత గర్విష్ఠో, పళ్ల విషయంలో అంత శ్రద్ధగల మనిషి. కింది వరస, పై వరస, ఒక్కో పన్నూ తట్టి చూడసాగాడు. మేస్త్రి కారు అద్దంలోంచి తన పడవ వైపు చూస్తూ పడుకున్నాడు. నాలుగు బిళ్లలు ఇంకా దాని ముక్కులోనే ఉన్నాయి. అమ్మాయి పానా పట్టుకుని తిరిగొచ్చింది. పడవ ముందు కూర్చుంది. కేకేసి ఆపుదామంటే నోట్లో అద్దం ఉంది.

ఇంతలో గాలి మొదలైంది. గుడారం గుడ్డ పటపటా కొట్టుకుంది. చెరువు మీద అలలు లేచాయి.

"డాక్టర్ గారూ, గాలి తిరిగింది! మీ పడవ చూసుకోండి!" అని సెక్రటరీ గుడారంలోంచి అరిచాడు.

"పేషెంటు ఉన్నాడు!" అని అరిచాడు డాక్టరు, తల తిప్పకుండానే. ఆ వెంటనే ఆయన గొంతు ఉత్సాహంగా మారింది. "ఇదిగో దొరికింది! పై వరసలో, కుడి వైపు ఆఖరిది. పెద్ద రంధ్రం. ఇంత పెట్టుకుని ఇన్నాళ్లు ఎలా ఓర్చుకున్నారండీ?"

అప్పటిదాకా మేస్త్రికి ఆ పన్ను నొప్పి తెలియదు. డాక్టరు తట్టాక తెలిసింది. పందేనికి సిద్ధం కమ్మని విజిల్ పడేదాకా ఆ పన్ను చరిత్ర మొత్తం ఆయనకి వివరించాడు డాక్టరు.

మేస్త్రి ప్యాంటు పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అమ్మాయి రిమోట్ మెడలో వేసుకుని సిద్ధంగా ఉంది. పడవ మూత బిగించి, టేపు వేసి ఉంది.

"అమ్మా, ఒక్క మాట..."

"టైం లేదు నాన్నా, నీళ్లలోకి పద."

"నేను ఆ పడవ ముక్కులో..."

"నాన్నా, నన్ను నమ్ము. పద."

నన్ను నమ్ము అనాల్సింది ఎవరు, అన్నది ఎవరు! మేస్త్రికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పడవ ఎత్తుకుంటే చేతులకి కాస్త తేలిగ్గానే తోచింది కానీ, ఆ కంగారులో ఆయన ఆ తూకాన్ని నమ్మలేదు. మోకాలి లోతు నీళ్లలో ఎనిమిది పడవలు వరసగా నిలిచాయి. విజిల్ మోగింది. మేస్త్రి పడవని వదిలేసి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అలా మూసుకునే తడుముకుంటూ గట్టెక్కి భార్య పక్కన నిలబడ్డాడు.

"మునిగిందా?" అన్నాడు.

"లేదు," అంది భార్య.

"ఇప్పుడో?"

"లేదు. ముందున్న పచ్చ పడవ బోల్తా పడింది."

"మనదో?"

"పోతోంది."

"ముక్కు నీళ్లలో ఉందా, పైనుందా?"

"నీళ్లని ముద్దు పెట్టుకుంటూ పోతోంది. రెండో చుట్టు. పసుపు పడవ ఎగిరి గట్టు మీద పడింది. ఎవరికీ తగల్లేదు."

మేస్త్రి ఒక కన్ను తెరిచాడు. ఈదురుగాలి అలల్ని ఎదురుగా తోస్తోంది. పడవలు అలల మీద ఎగిరెగిరి పడుతున్నాయి. ముక్కు పైకి లేవడం ఆలస్యం, గాలి దాని కింద దూరి వెనక్కి తిప్పి పడేస్తోంది. అమ్మాయి ఎర్ర పడవ ఒక్కటే ఎగరడం లేదు. ముక్కు ఎంత దించుకోవాలో అంత దించుకుని, అలల్ని కోసుకుంటూ, ఎవరి గొడవా పట్టనట్టు పోతోంది. మేస్త్రి రెండో కన్ను కూడా తెరిచాడు.

మూడో చుట్టు పూర్తయ్యేసరికి నీళ్ల మీద నాలుగు పడవలు మిగిలాయి. నాలుగో చుట్టులో ఒకటి డబ్బాని గుద్దుకుని ఆగిపోయింది. ఇంకొకటి వెల్లకిలా తేలింది. ఐదో చుట్టుకి ముందు డాక్టరు వెండి రంగు పడవ, దాని వెనక ఇరవై బారల దూరంలో ఎర్ర పడవ.

"చాలమ్మా, రెండోదైనా చాలు! పూర్తి చేయి, పూర్తి చేయి!" అని మేస్త్రి గొణుక్కుంటున్నాడు.

అమ్మాయి ఆ మాట వినలేదు, విన్నా లెక్కచేసేది కాదు. ఆఖరి మలుపు దగ్గర డాక్టరు, వెనక వస్తున్న ఎర్ర రంగుని చూసి, పూర్తి వేగం ఇచ్చాడు. వెండి పడవ ముక్కు లేచింది. గాలి దాన్ని అందుకుంది. అది నీళ్లు వదిలి మనిషెత్తు లేచి, గాల్లోనే ఒక పల్టీ కొట్టి, చప్పుడు చేస్తూ వెల్లకిలా పడింది. అమ్మాయి ఒక్క వేలు కదిపి దాని పక్కనుంచి తన పడవని తప్పించి, సూటిగా గీత దాటించింది. విజిల్ అంత పొడవుగా మోగడం ఆ చెరువు ఎప్పుడూ వినలేదు.

మేస్త్రి గంతులేశాడు. జేబులు మర్చిపోయి రెండు చేతులూ పైకెత్తి గంతులేశాడు. భార్య ఒక చేత్తో ఆయన ప్యాంటు పట్టుకుని, మిగిలిన ఒక్క చేత్తో చప్పట్లు కొట్టలేక, పెద్దగా నవ్వింది. లైబ్రరీలో కొలువు చేసిన ఇరవై ఏళ్లలో ఆవిడ అంత గట్టిగా నవ్వి ఎరగదు. అమ్మాయి రిమోట్ పట్టుకుని నిలబడిన చోటే నిలబడి, నవ్వుతూ ఏడుస్తోంది.

గెలిచిన పడవని తెరిచి తనిఖీ చేయడం క్లబ్బు పద్ధతి. సెక్రటరీ మూత తీశాడు. లోపలికి తొంగి చూశాడు. ముక్కులో రెండు సీసపు బిళ్లలు, ఒక్కోదాని మీద టైర్ల షాపు ముద్ర.

"ఇదేమిటి?" అన్నాడు.

"నేను చూశాను!" అన్నాడు నడుం దాకా తడిసి వచ్చిన డాక్టరు. "కారు వెనక మేస్త్రి గారు ఈ పడవలోనే ఏదో చేస్తున్నారు!"

రెండే ఉన్నాయేమిటని మేస్త్రి బుర్ర లెక్క పెట్టబోయింది కానీ, లెక్కకి అది వేళ కాదు. పిల్ల గెలుపు తన వల్ల పోతుందేమోనన్న భయం ఆయన్ని ముందుకి తోసింది. అబద్ధం ఒకటి చెప్పి లేని పన్ను నొప్పి తెచ్చుకున్నాడు. ఇక చాలు.

"అవునండీ, నేనే," అన్నాడు. "అమ్మాయికేం తెలియదు. పొద్దున నేనే అంటించాను. అది నా..."

"మా నాన్న సెట్టింగ్ సార్," అంది అమ్మాయి, ఆయన మాట పూర్తి కాకముందే. "ఇరవై ఆరేళ్లుగా బ్యాలెన్సింగే ఆయన పని. గాలి లేనప్పుడు ముక్కు తేలిగ్గానే ఉండాలి. ఇలా గాలి లేచిన రోజున మాత్రం ముక్కు మీద పిసరు బరువుంటేనే పడవ ఎగిరిపోదు. బరువు పెట్టకూడదని మీ పుస్తకంలో ఎక్కడైనా ఉందా?"

సెక్రటరీ నియమాల పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. "లేదు," అన్నాడు. తర్వాత మేస్త్రి వైపు తిరిగి, "ఇందాక ఊరికే అడుగుతున్నా అన్నారే, నా పరిజ్ఞానం పరీక్షించారన్నమాట!" అని మెచ్చుకోలుగా చెయ్యి కలిపాడు.

ఒప్పుకోలు కోసం తెరిచిన నోరు మేస్త్రి మూయలేదు. చుట్టూ మూగిన ఏడుగురు పోటీదార్ల ముఖాలు చూసేసరికి ఆ నోట్లోంచి ఉపన్యాసం వచ్చింది. గాలి గురించి, అలల గురించి, సీసం స్వభావం గురించి, జిగురు గొప్పతనం గురించి మాట్లాడాడు. కొందరు రాసుకున్నారు. ఆఖర్న డాక్టరు తడి పడవ చేత్తో పట్టుకుని, గొంతు తగ్గించి, "మేస్త్రి గారూ, మాది కూడా ఓసారి చూసిపెడతారా?" అన్నాడు.

మేస్త్రి ఆయన్ని తలుపు తెరిచి ఉన్న కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, పడవని ఆయన ఒళ్లో పెట్టి, ఒక్క మాటే అన్నాడు.

"మూత తెరవండి."

తిరిగి వస్తుంటే కారులో కప్పు ఎవరి చేతుల్లో ఉండాలన్న ప్రశ్నే రాలేదు. అది మొదటి నుంచీ మేస్త్రి చేతుల్లోనే ఉంది. అయినా ఆయనకి లోపల ఏదో నలుగుతోంది. జనం ముందు చెప్పిన గొప్పలన్నీ ఇప్పుడు కూతురి పక్కన కూర్చుంటే గుచ్చుకుంటున్నాయి.

"అమ్మా, నువ్వు నన్ను కాపాడావు కానీ, నిజం చెప్పాలి," అన్నాడు. "నేను గాలి చూసి పెట్టలేదు. పడవంటే చక్రం అనుకున్నాను. ఆరు బిళ్లలు అంటించాను. నీ పడవ మునిగింది నా వల్లే. నా వల్ల నీ పేరు పోయేదమ్మా."

"తెలుసు నాన్నా."

"తెలుసా? ఎప్పుడు?"

"పానా తెచ్చి మూత తీయగానే. నాలుగు బిళ్లలు, రెండు జిగురు మచ్చలు, వంగిన చెంచా. నువ్వేమో డాక్టరు కారులో నోరు తెరుచుకుని నావైపే చూస్తున్నావు." అమ్మాయి నవ్వు ఆపుకుంది. "అన్నీ పీకేద్దామనుకున్నా. రెండు పీకేసరికి గాలి లేచింది. అప్పుడు ఆలోచించి, మిగిలిన రెండూ ఉంచేశా."

మేస్త్రి కూతురి వైపు తిరిగి చూశాడు. ఈ పిల్లకి లెక్కలే కాదు, ఎదుటివాళ్ల పరువు ఎక్కడ పడిపోతుందో, ఎక్కడ పట్టుకోవాలో కూడా తెలుసు. ఆ తెలివి తన దగ్గర నేర్చుకున్నది కాదు. ఆయనకి గర్వంగా ఉంది.

"ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా నా పడవ ముట్టుకోనని మాటివ్వు," అంది అమ్మాయి.

"ముట్టుకోను."

"రేపు పన్ను చూపించుకోండి," అంది భార్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"చూపించుకుంటాను," అన్నాడు మేస్త్రి. రెండు వీధులు దాటేదాకా కిటికీలోంచి బయటికి చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. ఉన్నట్టుండి ముఖం వెలిగింది. "అయితే అమ్మా, ఆరింట్లో రెండు నిలిచాయంటే, మూడో వంతు నా లెక్క కరెక్టే కదా!"

తల్లీ కూతురూ అద్దంలో ఒకరినొకరు చూసుకున్నారు కానీ కాదనలేదు. ఆ మూడో వంతు లెక్క మీద కప్పు మొత్తం ఆయన ఒళ్లో కూర్చునే ఇంటికి చేరింది.